బంగారం కాదు, పిండి: కేకుల బల్ల కోసం కొన్న తూకం మిషన్

వంటింట్లో వాడే డిజిటల్ తూకం మిషన్ గురించి నాటకాల మనిషి సమీక్ష రాయడమేమిటని ఆశ్చర్యపోకండి. మా చిన్న నాటక బృందానికి నేను కోశాధికారిని. ప్రదర్శన రోజున లైట్లు వేసేది కూడా నేనే. హాలు అద్దె, లైట్ల అద్దె, రచయితకు కట్టాల్సిన రాయల్టీ, దుస్తులు, పోస్టర్లు... ఇవన్నీ టికెట్ల డబ్బుతోనే గట్టెక్కాలంటే కుదరదు. అందుకే ప్రతి నాటకానికీ విరామ సమయంలో హాలు బయట బల్ల వేసి బేక్ సేల్ పెడతాం. కుకీలు, బ్రౌనీలు, కేకు ముక్కలు. సభ్యులే ఎవరి ఇళ్లలో వాళ్లు చేసి తెస్తారు. ఈ మిషన్‌ను ఆ బల్ల కోసమే కొన్నాం. రోజువారీ వంటకు ఇది ఎంతవరకు పనికొస్తుందో నన్ను అడగకండి. ఒకే ధరకు అమ్మే ముక్కలు ఒకే బరువుతో ఉండాలని పట్టుబట్టే వాళ్లకు ఎలా ఉంటుందో మాత్రం గట్టిగా చెప్పగలను.

వస్తువు చూడటానికి సాదాసీదాగానే ఉంది. పైన గాజు పలక, కింద నాలుగు కాళ్లు, ముందు అంచున చిన్న తెర, రెండు బటన్లు. అయిదు కిలోల వరకు తూస్తుంది, ఒక్కో గ్రాము తేడాను చూపిస్తుంది. ఇదే అచ్చులో చాలా కంపెనీలు చేస్తున్నాయి కాబట్టి పేరు కన్నా గుణాలు చెప్పడమే మేలు.

ముందు దీని వల్ల కలిగిన లాభం చెబుతాను, ఎందుకంటే అది మా ఖాతా పుస్తకంలో కనిపిస్తోంది. కుకీల పిండి మొత్తం 1,200 గ్రాములు వచ్చిందనుకోండి. ఉండకు 40 గ్రాముల చొప్పున తూచి చేస్తే 30 కుకీలు అవుతాయి. చెంచాతో కంటి లెక్కన వేస్తే చెయ్యి ఎప్పుడూ పెద్ద ఉండ వైపే మొగ్గుతుంది. అది 50 గ్రాములకు చేరిందంటే అదే పిండికి 24 కుకీలే వస్తాయి. వెన్న, చక్కెర, చాక్లెట్ ఖర్చు 24కీ 30కీ ఒకటే. కాబట్టి తగ్గిన ఆరు కుకీల డబ్బు అచ్చంగా లాభంలోంచి పోయినట్టే. చేసేవాళ్లది ఉదార హృదయం, కాదనను. కానీ ఆ ఉదారత ఖర్చు నేను చూసే పుస్తకంలోకే వస్తుంది.

బల్ల దగ్గర ఇంకో చిక్కు ఉంటుంది. చిన్నవీ పెద్దవీ కలిపి ఒకే ధరకు పెడితే జనం పెద్దవి ఏరుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు, నేనైనా అదే చేస్తాను. కానీ ఏరుకోవడానికి సమయం పడుతుంది. విరామం పదిహేను నిమిషాలు, అంటే 900 సెకన్లు. ఒక్కొక్కరికి 20 సెకన్లు పడితే ఒక వరుసలో 45 మందికి ఇవ్వగలం. ఏరుకోవడంలో అది 30 సెకన్లయితే 30 మందికే ఇవ్వగలం. మిగిలిన పదిహేను మంది మూడో గంట మోగగానే చిల్లర జేబులో వేసుకుని లోపలికి వెళ్లిపోతారు. నాటకం అయ్యాక కొంటారనుకోవడం ఉత్త భ్రమ. అప్పుడు అందరి ధ్యాసా బస్సు మీదో బండి మీదో ఉంటుంది. అన్నీ ఒకేలా ఉంటే చెయ్యి ఏది అందితే అది తీసుకుంటుంది, వరుస ముందుకు కదులుతుంది. ఓవెన్‌లో కూడా ఇదే న్యాయం. సైజులు కలిసిపోతే పెద్దవి ఉడికేలోపు చిన్నవి మాడతాయి.

పిండిని నేను ఇంత పట్టింపుగా తూస్తుంటే మా దర్శకుడుగారు, “పిండి తూస్తున్నారా, బంగారం తూస్తున్నారా?” అని ఎకసెక్కం చేశారు. తదుపరి నాటకానికి రెండో స్పాట్‌లైట్ అద్దెకు తెచ్చినప్పుడు ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

బేక్ చేసే ఇళ్లు ఎక్కువైన కొద్దీ దీని విలువ ఇంకా పెరుగుతుంది. కప్పు అనే కొలత ఇల్లు మారితే మారిపోతుంది. ఒకరి కప్పు 240 మిల్లీలీటర్లు, ఇంకొకరిది 250, మూడో ఇంట్లో టీ తాగే కప్పు. పైగా మైదాను తేలిగ్గా చెంచాతో నింపితే కప్పుకు 120 గ్రాములు పడుతుంది, డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా వెళుతుంది. ఒకే వంటకం కాగితం పట్టుకుని ముగ్గురు చేస్తే మూడు రకాల కుకీలు వచ్చేది ఇందుకే. మేము కాగితాలన్నీ గ్రాముల్లోకి మార్చాం. గుడ్లకు కూడా ఇదే పద్ధతి. పెంకు తీసిన పెద్ద గుడ్డు సుమారు 50 గ్రాములు ఉంటుంది. మూడు గుడ్ల కేకును సగం చేయాలంటే గుడ్లు గిలకొట్టి 75 గ్రాములు తూచి పోస్తే సరిపోతుంది. ఒకటిన్నర గుడ్డు ఎలా పగలగొట్టాలని ఎవరూ ఫోన్ చేయరు.

బ్రౌనీలకు మాత్రం దీని ఉపయోగం అంతంత మాత్రమే. పళ్లెంలో పోసి బేక్ చేసేదాన్ని కోసి అమ్ముతాం కాబట్టి అక్కడ కావాల్సింది పిల్లలు గీతలు గీసుకునే స్కేలు. 23, 33 సెంటీమీటర్ల పళ్లెంలో ఒకవైపు నాలుగు, ఇంకోవైపు ఆరు చొప్పున కోస్తే 24 ముక్కలు వస్తాయి. ఒక్కోటీ అయిదున్నర సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. పూర్తిగా చల్లారాక కోయండి, వేడి మీద కోస్తే అంచులు పొడిపొడి అయిపోతాయి.

ఇక లోపాలు. వాటిలో మొదటిది రెండు నిమిషాల గడువు. తాకకుండా రెండు నిమిషాలు వదిలేస్తే మిషన్ దానంతట అదే ఆగిపోతుంది. బ్యాటరీ మిగలడానికని అంటారు. కానీ గిన్నె పెట్టి, తూకాన్ని సున్నా చేసి, మైదా జల్లించడం మొదలుపెడితే రెండు నిమిషాలు ఏ మూలకు? జల్లెడ దింపి చూసేసరికి తెర నల్లగా ఉంటుంది. మళ్లీ ఆన్ చేస్తే గిన్నెతో, పిండితో సహా ఉన్న బరువునే సున్నాగా తీసుకుంటుంది. ఎంత పోశామో దానికీ తెలియదు, మనకూ తెలియదు. దీనికి విరుగుడు ఒకటుంది. ప్రతి గిన్నె అడుగునా దాని ఖాళీ బరువును చెరిగిపోని మార్కర్‌తో రాసుకోండి. ఎప్పుడు ఆగిపోయినా మొత్తం తూచి, గిన్నె బరువు తీసేస్తే లెక్క దొరుకుతుంది. ఈ అంకె ఇంకోచోట కూడా పనికొస్తుంది: కేకు పిండి మొత్తం బరువు తెలుసుకుని రెండు అచ్చుల్లోకి సరిసమానంగా పోయడానికి.

అయిదు కిలోలు అనే మాటలోనూ ఒక మెలిక ఉంది. సున్నా బటన్ నొక్కినంత మాత్రాన గిన్నె బరువు మాయం కాదు. 1,300 గ్రాముల స్టీలు గిన్నె పెడితే అందులో ఇంకా 3,700 గ్రాములే పడతాయి. ఇంట్లో కేకుకు ఇది చాలా ఎక్కువే. నాలుగు రెట్ల పిండి ఒకేసారి కలిపేవాళ్లు మాత్రం తేలికపాటి ప్లాస్టిక్ తొట్టి వాడుకోవాలి.

తెర సంగతి నాకు వ్యక్తిగతమైన కక్ష. వెలుతురు ఎటునుంచి పడుతుందో, నీడ ఎక్కడ ఆగుతుందో చూడటమే పనిగా బతికేదాన్ని. వెడల్పాటి గిన్నె పెడితే తెర మొత్తం దాని కిందకు వెళ్లిపోయేలా ఎవరు గీశారో గానీ, ఆ మనిషి ఒక్కసారి కూడా కేకు చేసి ఉండడు. పలక మీద చిన్న డబ్బా బోర్లించి, దాని మీద గిన్నె పెట్టి, అప్పుడు సున్నా చేస్తే అంకెలు కనిపిస్తాయి. డబ్బా సరిగ్గా మధ్యలో ఉండాలి సుమా.

బేకింగ్ సోడా, ఈస్టు లాంటివాటికి దీన్ని నమ్మవద్దు. ఒక గ్రాము తేడాను చూపించడం వేరు, ఒక గ్రాము వరకు కచ్చితంగా ఉండటం వేరు. 3 గ్రాముల సోడాలో ఒక గ్రాము అటూ ఇటూ అయితే మూడో వంతు తప్పినట్టు. కుకీ సబ్బు రుచి వస్తుంది. పైగా ఇలాంటి మిషన్లు చాలావరకు సున్నా దగ్గర చిన్న చిన్న మార్పులను లెక్కలోకి తీసుకోవు. కొద్దికొద్దిగా చల్లుతూ పోతే అసలేమీ పడనట్టే సున్నా చూపిస్తూ కూర్చుంటుంది. చిన్న మొత్తాలకు కొలత చెంచాతో తీసి, పైభాగం చాకు వెనుకవైపుతో సమం చేయడం ఉత్తమం.

మిల్లీలీటర్ల బటన్ ఒకటి ఇచ్చారు, అది ఉత్త అలంకారం. దానికి తెలిసింది నీటి బరువొక్కటే. నూనె నీటికన్నా తేలిక కాబట్టి తెర మీద 100 అని చూపించేసరికి నిజానికి 109 మిల్లీలీటర్ల దాకా పోసేసి ఉంటాం. తేనె దీనికి పూర్తిగా ఉల్టా, నీటికి దాదాపు 1.4 రెట్ల బరువు. ఆ బటన్ ఉందని మరిచిపోయి అన్నీ గ్రాముల్లోనే తూచుకోండి.

కొనగానే రెండు పరీక్షలు చేయండి. మంచి కొలపాత్రతో లీటరు నీళ్లు పోసి చూడండి. గది వేడిలో ఉన్న లీటరు నీళ్ల బరువు సుమారు 998 గ్రాములు. దానికి అయిదారు గ్రాముల తేడాలో ఉంటే ఫరవాలేదు. తరవాత ఒకే వస్తువును పలక నాలుగు మూలల్లో పెట్టి చూడండి. అంకె మూల మూలకూ మారుతుంటే వెనక్కి ఇచ్చేయండి. మాది మొదటి పరీక్ష బాగానే నెగ్గింది, రెండోదాంట్లో రెండు గ్రాములు తడబడింది. క్షమించాను. ఓవెన్‌లోంచి తీసిన పళ్లెం మాత్రం దీని మీద ఎప్పుడూ పెట్టకూడదు. లోపల బరువుకు లేశమాత్రంగా వంగే లోహపు కడ్డీ ఉంటుంది, ఆ వంపును కొలిచే సున్నితమైన తీగల నిరోధం వేడికి కూడా మారిపోతుంది. గాజు పగలకపోయినా లెక్క తప్పుతుంది.

బ్యాటరీ బిళ్ల రకం, సీఆర్ 2032. అర్ధరాత్రి అది ఖాళీ అయితే ఇంట్లో ఇంకోటి దొరకదు. గోడ గడియారంలోంచి తీసి వేసుకునే మామూలు పెన్సిల్ సెల్లుతో నడిచేది కొనుక్కోవడం తెలివైన పని. పిల్లలున్న ఇంట్లో అయితే బిళ్ల బ్యాటరీ విషయంలో మరీ జాగ్రత్త. మింగితే చాలా ప్రమాదం.

అసలు దీన్ని నేను ఇంతగా వెనకేసుకు రావడానికి కారణం వంటింట్లో లేదు. విరామం అయ్యాక గల్లాపెట్టె నిండా నాణేలు ఉంటాయి. నేను మళ్లీ లైట్ల దగ్గరకు పరుగెత్తాలి. ఒకే విలువ, ఒకే రకం నాణేలను ఒక గిన్నెలో పోసి తూచి, ఒక్కో నాణెం బరువుతో భాగిస్తే ఎన్ని ఉన్నాయో వచ్చేస్తుంది. ఒక్కటే తూచి లెక్క కట్టకండి, తప్పు పెరిగిపోతుంది. పది తూచి, పదితో భాగించి ఆ అంకె వాడండి. అదే విలువకు పాత ముద్ర, కొత్త ముద్ర బరువులు వేరుగా ఉంటే ముందే విడదీయాలి. ఈ పద్ధతితో రెండో అంకంలో తెర లేచేలోపే లెక్క నా జేబులో ఉంటుంది.

మిషన్‌కు సంబంధం లేని మాట ఒకటి, మనసులో ఉంచుకోలేక చెబుతున్నాను. కుకీలను గరగరలాడే ప్లాస్టిక్ కాగితంలో చుట్టకండి. రెండో అంకంలో కథానాయిక మౌనంగా నిలబడిన చోట నాలుగో వరుసలోంచి ఆ చప్పుడు వినిపిస్తే ఆ సాయంత్రం సంపాదించిన డబ్బంతా దండగ అనిపిస్తుంది. మెత్తటి పేపర్ నాప్‌కిన్ చాలు. దేనిలో పప్పులు, పాలు, గుడ్లు, గోధుమ, నువ్వులు ఉన్నాయో బల్ల మీద చీటీ పెట్టండి. తాజా క్రీముతో చేసినవాటి జోలికి పోవద్దు, గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు.

మొత్తం మీద అయిదు నక్షత్రాల్లో మూడున్నర ఇస్తున్నాను. కేకులు మొత్తంగా విరాళంగా వచ్చి, కోసి అమ్మడమే మీ పని అయితే ఇది అక్కర్లేదు, ఎవరింట్లోనైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. కుకీలే మీ బల్లకు ఆధారమైతే కొనండి. మా రంగస్థల సామగ్రి చూసే కుర్రాడు దీన్ని కిరాణా కొట్టు సీనుకు అడిగాడు, ఇవ్వలేదు. కొనేముందు పెట్టె మీద ఎన్ని నిమిషాలకు ఆగిపోతుందో రాశారేమో చూడండి. రాయకపోతే దుకాణంలోనే ఆన్ చేయించి, చేతి గడియారం చూస్తూ నిలబడండి. దుకాణదారు విసుక్కున్నా సరే, అయిదు నిమిషాలు నిలవనిదాన్ని ఇంటికి తీసుకురాకండి.