690 డాలర్ల క్యాంప్‌గ్రౌండ్ పాస్, 11 రాత్రులు

పోయినేడు మార్చిలో ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్ చైన్ ఏడాది పాస్ కొన్నాం. ట్యాక్స్‌తో కలిపి 690 డాలర్లు. ఈ మార్చితో గడువు తీరింది, మళ్లీ కట్టలేదు. చైన్ పేరు చెప్పను. వాళ్ల లోపాలు ఎన్నున్నాయో మా అంచనాలో తప్పులూ అన్నే ఉన్నాయి. ఈమధ్య డాలస్ చుట్టుపక్కల ఆర్‌వీలు, అంటే లోపలే వండుకుని పడుకునే బండ్లు, కొన్న తెలుగువాళ్లు బాగానే కనిపిస్తున్నారు. "పాస్ తీసుకోవచ్చా?" అని వాళ్లు అడిగితే ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నాను, అందుకని తీరిగ్గా రాస్తున్నా.

మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. 25 అడుగుల ట్రావెల్ ట్రైలర్, దాన్ని లాగడానికి ఎఫ్-150 ట్రక్కు. మేమిద్దరం, హైస్కూల్లో ఉన్న అమ్మాయి, ఐదో తరగతి పిల్లాడు, మాతోనే ఉండే అత్తయ్యగారు, మామయ్యగారు. అందులో ఆరుగురు ఎలా పడుకుంటారని అడగకండి, పడుకుంటాం.

పాస్ లెక్క కాగితం మీద చాలా అందంగా ఉంటుంది. కరెంటు, నీళ్లు, మురుగు పైపు మూడూ ఉన్న ప్రైవేటు పార్కుల్లో మాకు రాత్రికి 50 నుంచి 70 డాలర్లు పడుతోంది. పాస్ ఉంటే ఆ చైన్ పార్కుల్లో రాత్రికి విడిగా ఏమీ కట్టక్కర్లేదు. మా ఆయన ఎక్సెల్ తెరిచి, "పన్నెండు రాత్రులు ఉన్నామంటే డబ్బులు వచ్చేసినట్టే, ఆపైన ఎన్ని ఉంటే అన్నీ ఫ్రీ" అన్నారు. ఏడాదిలో పన్నెండు రాత్రులు ఎంతసేపు అనుకున్నాం.

షరతులు చదవకపోలేదు. ఒక పార్కులో ఒకేసారి 14 రాత్రుల దాకా ఉండొచ్చు. తర్వాత వారం రోజులు వాళ్ల పార్కుల బయట గడపాలి. ఉన్నది నాలుగు రాత్రులు దాటకపోతే ఆ ఎడం అక్కర్లేదు, వెంటనే ఇంకో పార్కుకి వెళ్లిపోవచ్చు. బుకింగ్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. మేం వెళ్లేదే శుక్ర, శనివారాలు రెండు రాత్రులు, మనకి ఇబ్బందేముంది అనుకున్నాం. ఫ్రిజ్‌కి అంటించిన క్యాలెండర్ మాత్రం చూసుకోలేదు.

శనివారం పిల్లాడికి క్రికెట్. ఆదివారం ఇద్దరికీ తెలుగు క్లాసు. మా ఇద్దరి ఆఫీసు సెలవులూ సంక్రాంతికి ఇండియా వెళ్లొచ్చేసరికి అడుగంటిపోతాయి. మిగిలేవి లాంగ్ వీకెండ్లు, స్ప్రింగ్ బ్రేక్, థాంక్స్ గివింగ్. అవి మాకే కాదు, టెక్సాస్‌లో బడికెళ్లే పిల్లలున్న అందరికీ అవే. పైగా వేలకు వేలు పోసి పెద్ద మెంబర్‌షిప్ కొన్నవాళ్లకి మాకంటే ముందే బుకింగ్ తెరుస్తారు. మాకు 60 రోజుల తలుపు తెరుచుకునేసరికి మెమోరియల్ డే వారాంతం నిండిపోయి ఉంది. జులై 4కి అర్ధరాత్రి అలారం పెట్టుకుని కూర్చున్నా దొరకలేదు. దొరికింది జులై మూడో వారం.

ఆ జులై రాత్రి గురించి కాస్త చెప్పాలి. సాయంత్రం అయిదున్నరకి ట్రైలర్ తగిలించుకుని బయల్దేరితే, ట్రాఫిక్ దాటి పార్కు గేటు దగ్గరికి చేరేసరికి 9:40. గేట్లో ఉన్నాయన మ్యాపు మీద పెన్నుతో మూడు సున్నాలు చుట్టి, "ఈ లూపుల్లో ఏది ఖాళీగా ఉంటే అందులో పెట్టుకోండి" అన్నాడు. లూపంటే సైట్లున్న చుట్టు రోడ్డు. అప్పుడు అర్థమైంది, బుకింగ్ అంటే పార్కులోకి రానిస్తారని మాత్రమే. సైటు, అంటే బండి నిలుపుకునే చోటు, వెతుక్కోవడం మన పని.

చీకట్లో, చెట్ల మధ్య సన్నటి రోడ్డు మీద ఆ బండిని తిప్పుతుంటే నేను ముందు టార్చి పట్టుకుని నడిచాను. మొదటి సైటులో కరెంటు పెట్టెకి మూత ఊడిపోయి, మాకు కావలసిన 30 ఆంప్స్ ప్లగ్గు కాలి నల్లబడి ఉంది. రెండోది ఎంత ఏటవాలంటే చక్రాల కింద మాకున్న పలకలన్నీ పేర్చినా సరిపోవు. మూడోదాంట్లో రివర్స్ చేసి, లెవెల్ చూసుకుని, ప్లగ్గు పెట్టాం. మా సర్జ్ ప్రొటెక్టర్ తెర మీద అంకె 108 దగ్గర కాసేపు ఊగి, 103 చూపించి టక్కున ఆపేసింది. 104 వోల్టుల కంటే తగ్గితే ఏసీ మోటార్ కాలిపోకుండా అది కరెంటు కట్ చేస్తుంది. లూపు మొత్తం మీద అందరి ఏసీలూ ఒక్కసారే తిరుగుతున్నాయి మరి. ట్రైలర్ లోపల 94 డిగ్రీల ఫారెన్‌హీట్. అత్తయ్యగారు ట్రక్కు హెడ్‌లైట్ల వెలుగులో మడత కుర్చీలో కూర్చుని, తెచ్చిన పులిహోర అందరికీ కాగితం ప్లేట్లలో పెట్టారు. నాలుగో సైటు కుదిరేసరికి పదకొండుంపావు.

పొద్దున్నే కాఫీ పట్టుకుని నడకకి వెళ్తే చెరువు ఒడ్డున నీడలో ఉన్న సైట్లన్నీ నిండి, ముందర కుండీలూ చాపలూ పరుచుకుని ఉన్నాయి. ఒకచోట రిటైరయిన టీచర్ దంపతులు పలకరించారు. ఇల్లు అమ్మేసి ఫిఫ్త్ వీల్ అనే పెద్ద ట్రైలర్‌లోనే ఉంటున్నారట. సోమవారం మధ్యాహ్నం వస్తారు, పార్కంతా ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి పెట్టెలో వోల్టేజీ మీటరుతో చూసుకుని సైటు ఎంచుకుంటారు, రెండు వారాలుంటారు. బయట గడపాల్సిన వారం దగ్గర్లో కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (అమెరికా సైన్యంలోని ఇంజనీర్ల విభాగం) నడిపే క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్తారు. ఏడాదికి 200 రాత్రులు ఈ చైన్‌లోనే గడుస్తాయన్నారు. వాళ్లకి రాత్రికి మూడున్నర డాలర్లు కూడా పడదు. అదే పాస్, అవే పార్కులు. వాళ్ల చేతిలో సోమవారాలున్నాయి, మా చేతిలో లేవు.

ఏడాది మొత్తం మీద మేం ట్రైలర్లో గడిపింది 27 రాత్రులు. అందులో పాస్ మీద ఉన్నవి 11. అంటే రాత్రికి 63 డాలర్లు. పన్నెండుకి ఒక్కటే తగ్గింది కదా అని మా ఆయన ఇప్పటికీ వాదిస్తారు. నా లెక్క వేరు. ఆ పదకొండులో ఆరు రాత్రులు, పాస్ దండగ పోతుందని వెళ్లినవే. ఆ పార్కు మీద మోజుతో వెళ్లినవి కావు. పాస్ లేకపోతే స్టేట్ పార్కుకి వెళ్లేవాళ్లం, అక్కడ కరెంటు, నీళ్లు ఉన్న సైటు మాకు 30 డాలర్ల లోపే దొరుకుతోంది. పాస్‌ని 50-70 డాలర్ల ప్రైవేటు పార్కులతో పోల్చడమే మేం చేసిన తప్పు.

స్టేట్ పార్కుల మాటొస్తే, టెక్సాస్ స్టేట్ పార్క్స్ పాస్ 70 డాలర్లు. క్యాంపింగ్ చార్జీ ఇందులో రాదు, కానీ రోజువారీ ఎంట్రీ ఫీజు బండిలో ఉన్న అందరికీ మాఫీ. క్యాంప్ చేసేవాళ్లు కూడా తలకి, రోజుకి ఎంట్రీ కట్టాలని మాకు మొదటిసారి వెళ్లేదాకా తెలీదు. పన్నెండేళ్ల దాకా పిల్లలకి లేదు గానీ మాకు అయిదు తలలు తేలాయి. గ్లెన్ రోజ్ దగ్గర డైనోసార్ వ్యాలీకి ఒక్క వారాంతం వెళ్లొచ్చేసరికే పాస్ డబ్బులు చాలావరకు వచ్చేశాయి. అక్కడ పాలక్సీ నదిలో నీళ్లు తగ్గినప్పుడు రాతి అడుగున డైనోసార్ల అడుగుజాడలు బయటపడతాయి. మా వాడు ఒక అడుగులో రెండు కాళ్లూ పెట్టి నిలబడి ఫోటో తీయమని ఒకటే గోల. అక్కడి సైట్లకి మురుగు పైపు ఉండదు, వచ్చేటప్పుడు డంప్ స్టేషన్ దగ్గర లైన్లో నిలబడి ట్యాంకు ఖాళీ చేసుకోవాలి. ఆదివారం పదకొండింటికి ఆ లైను తిరుమల క్యూని తలపిస్తుంది. తొమ్మిదిలోపు కదిలితే మంచిది. స్టేట్ పార్కుల బుకింగ్ అయిదు నెలల ముందే తెరుస్తారు. వారాంతాలు చూసుకునే మాలాంటి వాళ్లకి 60 రోజుల కంటే ఇదే నయం.

అన్నిటికంటే లాభించింది మాత్రం మామయ్యగారి కార్డు. 62 ఏళ్లు నిండిన అమెరికా పౌరులకీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ ఫెడరల్ సీనియర్ పాస్ ఇస్తారు. ఏడాదికి 20 డాలర్లు, జీవితకాలానికైతే 80. నేషనల్ పార్కుల ఎంట్రీతో పాటు, చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో సైటు సగం ధరకే వస్తుంది, కోర్ ఆఫ్ ఇంజనీర్స్ చెరువుల దగ్గర కూడా. కార్డున్న మనిషి మనతో ఉండాలి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి ఇది రాదు, గ్రీన్ కార్డు ఉండాల్సిందే. ఈ సంగతి తెలీని ఇళ్లు మన వాళ్లలో చాలా ఉన్నాయి. లేక్ టెక్సోమాకి ఓక్లహోమా వైపున్న బర్న్స్ రన్ అనే కోర్ ఆఫ్ ఇంజనీర్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో మాకు రాత్రికి 13 డాలర్లు పడింది. కాంక్రీటు సైటు, ఎదురుగా నీళ్లు, బుక్ చేసిన నంబరులోనే మన బండి. మామయ్యగారికి ఆ చెరువు చూస్తే నాగార్జునసాగర్‌లో పని చేసిన రోజులు గుర్తొస్తాయట, దానికి కట్టిన డెనిసన్ డ్యామ్ మీదికి నడుచుకుంటూ వెళ్లి వచ్చారు. ఒకసారి మాత్రం కార్డు వేరే చొక్కా జేబులో వదిలేసి వచ్చారు, పూర్తి ధర కట్టాం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కేఓఏ అనే ఇంకో క్యాంప్‌గ్రౌండ్ చైన్ రివార్డ్స్ కార్డుతో 10 శాతం తగ్గింపు. పాలో డ్యూరో లోయకి వెళ్తూ అమరిల్లోలో వాళ్ల పార్కులో ఒక రాత్రి ఆగాం. రాత్రి వెళ్లినా గోల్ఫ్ కార్టులో ముందు వెళ్తూ సైటు చూపించారు, ముందు నుంచి దూరి ముందుకే బయటపడే పుల్-త్రూ సైటు. దారిలో పడుకోవడానికి బావుంది, సెలవులన్నీ గడపడానికి ఖరీదు. పాస్‌పోర్ట్ అమెరికా కార్డుతో సగం ధర అంటారు. నిజమే గానీ చాలా పార్కుల్లో శుక్ర, శనివారాలకి వర్తించదు, మళ్లీ అదే కథ. హార్వెస్ట్ హోస్ట్స్ వేరే రకం. ద్రాక్షతోటల్లో, పొలాల్లో రాత్రికి విడిగా డబ్బు తీసుకోకుండా ఆగనిస్తారు, బదులుగా వాళ్ల దగ్గర ఏదైనా కొనడం మర్యాద. మేం వైన్ తాగం, ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర పీచ్ జామ్ నాలుగు సీసాలు కొన్నాం. చాలాచోట్ల కరెంటు ఉండదు కాబట్టి టెక్సాస్‌లో నవంబర్ నుంచి మార్చి దాకానే పనికొస్తుంది.

ఎక్కడికెళ్లినా పోపు మాత్రం బయటే వేస్తాం. లోపల ఎండుమిర్చి వేగిందంటే స్మోక్ అలారం మోగడం ఖాయం.

మళ్లీ మా చైన్ దగ్గరికి. అక్టోబర్‌లో "మెంబర్ల మీటింగు, గంటన్నర, ఇద్దరూ రావాలి, వస్తే గిఫ్ట్ కార్డు" అన్నారు. హైదరాబాద్ పెట్రోల్ బంకుల్లో లక్కీ డ్రా చీటీ రాస్తే "భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలండీ" అని ఫోన్ చేసేవాళ్లు గుర్తున్నారా, అచ్చం వాళ్లే. కొన్ని వేల డాలర్లు కట్టి పెద్ద మెంబర్‌షిప్ తీసుకుంటే 60 రోజుల ఇబ్బంది ఉండదట. మా ఆయన ముఖంలో ఎక్సెల్ కళ కనిపించింది. ఏటేటా కట్టే డ్యూస్ పెరగవని రాసిస్తారా అని అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, తన మేనేజర్‌ని పిలిచింది. ఆయనా నవ్వాడు. లేచి వచ్చేశాం. పనిలో పనిగా చెప్తున్నా, ఇలాంటి మెంబర్‌షిప్పులు వాడినవాళ్లు తిరిగి అమ్ముకుంటుంటారు, కొత్త ధరకి చాలా తక్కువకే. అంతగా కావాలనుకుంటే ముందు అవి చూడండి.

పాస్ దానంతటదే రెన్యూ అయిపోయే రకం. వద్దనుకుంటే 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలని ఒప్పందంలో ఉంది. ఫోన్లో రెండుసార్లు "చూస్తాం" అన్నారు. నేను జనవరిలోనే సర్టిఫైడ్ మెయిల్లో ఉత్తరం పంపి, రసీదు ట్రైలర్ ఫైల్లో పెట్టాను. మా క్రెడిట్ కార్డు మీద మళ్లీ ఏమీ పడలేదు.

వచ్చే శుక్రవారం టెక్సోమాకి బుకింగ్ ఉంది, నీళ్ల ఒడ్డు సైటే. మామయ్యగారు కార్డు ఏ చొక్కాలో పెట్టారో గురువారం రాత్రే అడగాలి.