చిక్కుదారి పజిల్: గడియారం పెట్టాలా, పందెం పెట్టాలా, ఊరికే వదిలేయాలా?

నవోదయ పరీక్ష దగ్గర పడుతుంటే మా మహబూబ్‌నగర్‌లో అయిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఒకటే బెంగ. "సార్, మా పిలగాడికి స్పీడ్ ఎట్ల పెంచాలె?" నవోదయలో సీటు కావాలంటే రెండు గంటల్లో 80 ప్రశ్నలకు జవాబులు పెట్టాలి. అందులో సగం మేధాశక్తి ప్రశ్నలే. బెంగ పడటంలో తప్పేం లేదు. కానీ ఆదివారం నా దగ్గరికొచ్చే పిల్లలకు చిక్కుదారి పజిళ్లు కూడా స్టాప్‌వాచ్ పట్టుకునే చేయించమంటారు. ఒకాయనైతే "ఫస్టొచ్చినోళ్లకు వంద రూపాయలు నేనిస్త సార్" అన్నాడు.

పజిల్ అంటే పెద్ద సంగతేం కాదు. కుందేలును క్యారెట్ దగ్గరికి చేర్చండి అని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది చూడండి, అదే. కాకపోతే పిల్లవాడు ఆలోచించే తీరు దాంట్లో కంటికి కనిపిస్తుంది. లెక్క తప్పితే ఎక్కడ తప్పాడో వెతుక్కోవాలి. ఇక్కడ పెన్సిల్ గీతే చెప్పేస్తుంది.

గడియారం లేకుండా చేయించే పద్ధతికి వందేళ్లు దాటాయి. ఆస్ట్రేలియాలో స్టాన్లీ పోర్టియస్ 1914 ప్రాంతంలో పిల్లల తెలివిని కొలవడానికి ఈ చిక్కుదారులనే పరీక్షగా తయారు చేశాడు. దాంట్లో టైం లెక్కలోకి రాదు. ఎంతసేపైనా చూసుకోవచ్చు. కానీ మూసుకుపోయిన సందులోకి పెన్సిల్ పోయిందా, ఆ కాగితం అక్కడితో సరి, మళ్లీ కొత్త కాగితం. ఆయన చూడాలనుకున్నది చెయ్యి ఎంత వేగంగా కదులుతుందన్నది కాదు, కదిలే ముందు మనిషి ఆగుతాడా లేదా అన్నది. పెన్సిల్ ఎన్నిసార్లు ఎత్తారు, గోడ గీతలను ఎక్కడ దాటేశారు అన్నది వేరుగా రాసుకునేవారు.

ఇది నేను కళ్లారా చూశాను. ఒక పాప పెన్సిల్ మొనను చిక్కుదారి వాకిట్లో పెట్టి కదలకుండా కూర్చుంది. నిద్రపోతుందేమో అనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే కళ్లు మాత్రం కాగితం మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి. చివరికి ఒక్క గీతలో బయటపడింది. పక్కనున్న పిల్లాడు కాగితం చేతికందగానే గీకడం మొదలెట్టి, మూడుసార్లు తలుపు మూసిన సందులో ఇరుక్కుని "ఎటు పోయినా బందే అయితుంది సార్" అన్నాడు. స్టాప్‌వాచ్ పెడితే ఇద్దరికీ ఇంచుమించు ఒకే టైం వచ్చేది.

ఈ పద్ధతికీ ఒక లోపం ఉంది. గోడకు ఒక చెయ్యి ఆనించి, తియ్యకుండా నడిస్తే చాలా చిక్కుదారుల్లోంచి బయటపడవచ్చన్న కిటుకు కొందరు పిల్లలకు అన్నలు నేర్పి పంపిస్తారు. ఎదురు కొసనుంచి వెనక్కి గీసుకొచ్చేవాళ్లూ ఉంటారు. అప్పుడు మనం కొలిచేది ఆలోచనను కాదు, అన్న చెప్పిన కిటుకును.

ఇక టైం పెట్టి చేయించడం. వెక్స్‌లర్ పిల్లల తెలివి పరీక్షలో చిక్కుదారులకు టైం ఉండేది. 2003లో వచ్చిన నాలుగో కూర్పులో ఆ భాగాన్నే తీసేశారు. గడియారం పెడితే వచ్చే టెన్షన్ అసలు ఉండకూడదని కాదు. 1908లో యెర్కీస్, డాడ్సన్ ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, పని తేలికైతే, తప్పు చేసినప్పుడు కరెంటు షాక్ గట్టిగా ఇచ్చినకొద్దీ తొందరగా నేర్చుకున్నాయి. పని కష్టమైతే మాత్రం మధ్యరకం షాక్ దగ్గరే బాగా నేర్చుకున్నాయి. కాబట్టి సులువైన పజిల్‌కు గడియారం పెట్టండి, నేనేం అనను. కొత్త పజిల్‌కు పెడితే, నిదానంగా చూసుకున్న ఆ పాప కాగితం వదిలేసి గోడ గడియారం వైపు చూస్తుంది. చూసింది కూడా.

అసలు గొడవ బహుమతి దగ్గర. బహుమతి లేకపోతే నేర్చుకోరు అనేవాళ్లకు టోల్మన్, హాంజిక్ 1930లో రాసిన ఎలుకల సంగతి చెప్తాను. ఒక గుంపు ఎలుకలు పదిరోజులు తిండి ఆశ లేకుండా చిక్కుదారిలో ఊరికే తిరిగాయి. పదకొండో రోజు చివర్లో తిండి పెట్టారు. అంతే, మర్నాటికి తప్పులు ఒక్కసారిగా పడిపోయాయి. దారి ముందే తెలుసు, చూపించే అవసరం రాలేదు. మన క్లాక్ టవర్ వెనక సందుల్లో పనీపాటా లేకుండా తిరిగే పిల్లవాణ్ని ఉప్పు ప్యాకెట్ తెమ్మనండి, దగ్గరి దారి వాడికే తెలుస్తుంది.

పెద్ద బహుమతి మాట వేరు. మదురైలో పల్లె జనంతో ఆడించి చూసిన ఒక ప్రయోగం 2009లో అచ్చయింది. గుంతలు తప్పించుకుంటూ గోలీని చిక్కుదారిలో నడిపించే ఆట కూడా అందులో ఉంది. బాగా ఆడితే ఒక్కో ఆటకు కొందరికి 4 రూపాయలు, కొందరికి 40, కొందరికి 400. అందరికన్నా తక్కువ ఆడింది 400 వాళ్లే.

వంద రూపాయల పెద్దమనిషికి నేను ముఖ్యంగా చెప్పింది మాత్రం ఇజ్రాయెల్ సంగతి. అక్కడి ఇంజినీరింగ్ విద్యార్థుల చేత పదిహేను నిమిషాలు కంప్యూటర్‌లో చిక్కుదారులు చేయించారు. ఒక్కోదానికి ఇంత అని ఇచ్చినప్పుడు మగపిల్లలు సగటున 11, ఆడపిల్లలు పదికి కాస్త తక్కువ. గెలిచినవాడికే మొత్తం అన్నప్పుడు మగపిల్లలు 15కు ఎగబాకారు, ఆడపిల్లలు 11 దగ్గరే ఉన్నారు. పందెం ఆడపిల్లల మధ్యే పెడితే వాళ్లూ 12 దాటారు. 2003లో అచ్చయిన లెక్క ఇది. తెలివి అదే, పజిళ్లూ ఆ రకమే, ఎదురుగా కూర్చున్నది ఎవరన్నదే మారింది. కాబట్టి 'ఫస్టొచ్చినోళ్లకే' అనేది నాకు అన్నిట్లోకీ చెడ్డ కొలత. ఇవ్వాలనే ఉంటే ఒక్కో పజిల్‌కు చిన్నగా, అందరికీ ఇవ్వడం నయం.

నేనిప్పుడు ఒకే రకం పజిళ్లను ముందు టైం లేకుండా, వారం తర్వాత టైం పెట్టి చేయిస్తున్నాను. రెంటి మధ్య తేడా ఎక్కువున్న పిల్లలకు పజిల్ కాదు, టెన్షన్ తట్టుకోవడం నేర్పాల్సి ఉంటుంది.

ఆ వంద రూపాయలకు పల్లీ పట్టీలు తెమ్మన్నాను. తెచ్చాడు. పజిల్ కాగితాలు పంచకముందే పిల్లలు తినేశారు.