కరెంటు పోయే ఊళ్ళో మైన్‌క్రాఫ్ట్ సర్వర్: పాత ల్యాప్‌టాప్ మీద నా రివ్యూ

మైన్‌క్రాఫ్ట్ అంటే బ్లాకులతో తవ్వుకుంటూ కట్టుకుంటూ ఆడే ఆట, నలుగురూ కలిసి ఒకే లోకంలో ఆడాలంటే ఒక కంప్యూటర్ని సర్వర్‌గా నడపాలి. దానికి జావా ఎక్కించడం, యూలా (లైసెన్సు ఒప్పందం) ఫైల్లో ట్రూ అని మార్చడం, 25565 పోర్టు, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నేను చెప్పేదల్లా బ్యాటరీ గురించి.

మాది పర్లాకిమిడి. ఎండాకాలం సాయంత్రం గాలివాన లేచిందంటే కరెంటు పోయినట్టే. ముందు డెస్క్‌టాప్ మీదే నడిపా, స్పీడుకి వంక పెట్టక్కర్లేదు. ఒకరోజు అందరూ ఆడుతుండగానే కరెంటు పోయింది. వచ్చాక ఆన్ చేస్తే సర్వర్ మామూలుగానే లేచింది, కుర్రాళ్ళంతా ఎక్కేశారు కూడా. కాసేపటికి పాతపట్నం నుంచి చిన్నాన్న కొడుకు ఫోను, "ఏటన్నియ్యా, నా ఇల్లు సగం కొండలో కలిసిపోనాది" అని. చూస్తే నిజమే. గోడ నిలువునా తెగిపోయి, అక్కణ్ణుంచి 16 బ్లాకుల మేర ఎప్పుడో తవ్వి చదును చేసిన కొండ మళ్ళీ వచ్చి కూర్చుంది. పెట్టెల్లేవు, వాటిల్లో వజ్రాలూ లేవు. చంక్ (16 బై 16 బ్లాకుల ముక్క) డేటా పాడైతే గేము దాన్ని సీడ్ (ఆ లోకాన్ని పుట్టించిన మూల సంఖ్య) నుంచి కొత్తగా పుట్టించేస్తుంది, లాగ్‌లో ఎర్రర్ పడుతుంది గానీ ఆడేవాడికి ఒక్క ముక్క చెప్పదు. బ్యాకప్‌లోంచి ఆ ఒక్క రీజియన్ ఫైలు తెచ్చి పెట్టా, ఐతే ఒక్కో ఫైల్లో 32 బై 32 చంకులుంటాయి కదా, పక్కవాళ్ళు ఆ వారం కట్టినవన్నీ ఎగిరిపోయాయి. దాని మీద ఇంకో గొడవ.

ఆ తర్వాతే మూలనున్న ల్యాప్‌టాప్ తీశా. సగం కీలు పనిచేయవు, సర్వర్‌కి కీబోర్డు దేనికి? లినక్స్, పేపర్ (మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సాఫ్ట్‌వేర్) వేసి, మూత మూసినా నిద్రపోకుండా సెట్టింగు మార్చి, బ్యాటరీ 30 శాతానికి దిగితే సర్వర్‌కి స్టాప్ కమాండ్ పంపే చిన్న స్క్రిప్టు పెట్టా. అంతే, ఆ రోజు నుంచి ఒక్క చంకూ పాడవలేదు. కరెంటు పోయిన సంగతి దానికి పట్టనే పట్టదు.

కాకపోతే సర్వర్ బతికున్నా రౌటర్ పోతుంది, అందరూ టైమౌట్. రౌటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాక గానీ ఆట సాగలేదు, ఆ ఖర్చూ కలుపుకోండి. ఇంకోటి, ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉండి బ్యాటరీ ఉబ్బింది, టచ్‌ప్యాడ్ పైకి లేచి క్లిక్ అవడం మానేస్తే అనుమానమొచ్చి విప్పి చూశా. వెంటనే తీయించి కొత్తది వేయించా. మీ ల్యాప్‌టాప్ బయోస్‌లో 80 దగ్గర చార్జింగ్ ఆపే ఆప్షన్ ఉంటే మొదటిరోజే పెట్టేయండి, నాదాంట్లో లేదు.

బయటివాళ్ళు చేరడం వేరే కథ, మా నెట్ కనెక్షన్‌కి పబ్లిక్ ఐపీ (బయటివాళ్ళు నేరుగా చేరే అడ్రసు) లేదు, అందుకే రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా దండగ, దూరంగా ఉన్న కంప్యూటర్లని ఒకే నెట్‌వర్క్‌లా కలిపే టెయిల్‌స్కేల్‌తో నెట్టుకొస్తున్నా. ఫోన్లలో ఆడేవాళ్ళు గీజర్ ప్లగిన్ (ఫోను వెర్షన్‌ని జావా సర్వర్‌కి కలిపేది) ద్వారా వస్తారు.

మేం ఆడేది ఐదారుగురం, అదీ వ్యూ డిస్టెన్స్ (చుట్టూ ఎన్ని చంకుల దూరం కనిపించాలో) 6కి తగ్గించి, కాబట్టి మాకు చాలు. మే నెల మధ్యాహ్నం మాత్రం ఎండకి ల్యాగ్ ఉంటుంది. మీకు మోడ్‌ప్యాకులు (ఆటని మార్చే అదనపు ఫైళ్ళ మూటలు) కావాలన్నా, కరెంటు నిలకడగా ఉన్నా డెస్క్‌టాపే నయమేమో, నాకైతే దాన్ని మళ్ళీ నమ్మబుద్ధి కావట్లేదు.