ఈవ్ గారి పేరు రాయించిన గిన్నె

మా ఇంటి ఓనరు పేరు ఈవ్. ఫ్రాన్సులో బ్రిటనీ ప్రాంతంలోని రెన్ నగరంలో అద్దెకి దిగిన రోజు నుంచి నా ఫ్రెంచి కాగితాలన్నీ ఓపిగ్గా చదివిపెట్టిన పెద్దాయన. ఇక్కడ పుట్టినరోజుతో పాటు, తమ పేరున్న సెయింటు పండగకి కూడా శుభాకాంక్షలు చెప్పుకుంటారు. ఈవ్ పండగ మే 19. అందుకని బ్రిటనీలోనే ఉన్న కాంపేర్ ఊళ్లో ఓ చిన్న కొట్లో ఆయన పేరుతో పింగాణీ గిన్నె రాయించాను.

ధర 25 యూరోలు, చేతికొచ్చేసరికి పన్నెండు రోజులు. రెండు పక్కలా చెవుల్లాంటి పిడులు. బ్రిటనీలో పొద్దున్నే పాలు కలిపిన కాఫీ ఇలాంటి గిన్నెల్లోనే తాగుతారు. నీలం రంగు పేరులో మొదటి అక్షరం తోక దగ్గర కుంచె కాస్త ఆగినట్టుంది, రంగు చిక్కబడింది. కంటికి కనిపిస్తుంది, వేలికి మాత్రం తగలదు. కాల్చని పూత మీద రాసి తర్వాత బట్టీలో పెడతారు కాబట్టి రంగు పూతలో కలిసిపోతుంది. నాకు ఆ తోకే అన్నిటికన్నా నచ్చింది.

నచ్చనిది కార్డు. పేరు అర్థం చెప్పే కార్డుకి వేరే 3 యూరోలు తీసుకుని, 'యూ చెట్టు' అని ఒక్క ముక్క రాశారు. తప్పేం కాదు. పాత జర్మానిక్ భాషల్లో ఆ చెట్టు పేరులోంచే ఈవ్ వచ్చింది. ఆ కర్రతోనే అప్పట్లో విల్లులు చేసేవాళ్ళు. కానీ బ్రిటనీలో అమ్ముతూ సెయింట్ ఈవ్ ఊసే లేకపోతే ఎలా? ఆయన 1253లో బ్రిటనీలోని ట్రెగియే ఊరి పక్కన పుట్టాడు. ఈ రెన్‌లోనే చర్చి కోర్టులో న్యాయాధికారిగా చేశాడు. బీదవాళ్ళ తరఫున డబ్బు తీసుకోకుండా వాదించాడు. 1303లో పోయాడు, 1347లో సెయింటుగా ప్రకటించారు. 'బ్రిటనీ వాడు, లాయరే గాని దొంగ కాదు, జనానికి అదే వింత' అని ఆయన మీద పాత లాటిన్ పద్యం ఉంది. ఇప్పటికీ మే నెలలో ట్రెగియేలో ఆయన పుర్రెని ఊరేగిస్తారు, లాయర్లు నల్లకోట్లతో వెంట నడుస్తారు. ఇంత కథ ఉన్న పేరుకి ఒక్క ముక్కా!

గిన్నె కళ్ళు మూసుకుని కొనండి, కార్డు వద్దు. నేనైతే దాని వెనక ఇదంతా నా చేత్తో రాసిచ్చాను. ఈవ్ గారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. గిన్నెని అద్దాల బీరువాలో దాచలేదు, మర్నాటి కాఫీకని కడిగి సింకు పక్కనే బోర్లించారు.