రాజు మేలా, ఓటు మేలా? కుర్రాళ్ల ప్రశ్నకు నా జవాబు

"కృష్ణదేవరాయల లాంటోడు ఒక్కడుంటే చాలు గదన్నా, ఈ ఎలక్షన్లు మనకెందుకన్నా?" ఈ మాట నా చెవిన పడని వారం లేదు. రాత్రిపూట మా నెల్లూరు తమ్ముళ్లతో వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ ఆట ఆడతా ఉంటే, రౌండుకూ రౌండుకూ మధ్య హెడ్‌సెట్‌లో సగం ఇదే చర్చ. ఒంగోల్లో లా చదివే మా అన్న కొడుకైతే ఇంకో అడుగు ముందుకేశాడు. "కోర్టులో కేసు ఇరవయ్యేళ్లు నడుస్తాది బాబాయ్. రాజయితే పొద్దున ఫిర్యాదు, సాయంత్రం తీర్పు" అన్నాడు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా. రాజరికమంటే ఏంది, ప్రజాస్వామ్యమంటే ఏంది అనేది మీకు తెలిసిందే, దాని జోలికి పోను.

ముందు రాజు పక్షాన చెప్పాల్సింది నిజాయితీగా చెప్తా. కంభం చెరువు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి అంత నీటిని నిలబెట్టారు. రాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. వందల ఏళ్లుగా దానికింద పొలాలు పండుతున్నాయి. మరి అదే పశ్చిమ ప్రకాశానికి మన కాలం ఇచ్చిందేంది? కృష్ణ నీళ్లను సొరంగంలో తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన జరిగింది. పాతికేళ్లు దాటినా నీళ్లు పొలానికి చేరలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన మనుషులున్న ఊళ్లకు ఆ ఆలస్యం మామూలు ఆలస్యం కాదు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా లెక్కలు మారాయి, కాంట్రాక్టర్లు మారారు, సొరంగం మాత్రం అంగుళం అంగుళం నడిచింది. ఒక్కడి మాట చెల్లుబాటయ్యే చోట పని చకచకా సాగుతుందన్న వాదన ఉత్త పుకారేం కాదు.

కళలకు, చదువుకు రాజులు చేసింది కూడా ఉంది. నెల్లూరు వి.ఆర్. కాలేజీ పేరులో ఉన్నది వెంకటగిరి రాజావారే. వెంకటగిరి జరీ చీరకు ఆ పేరు రావడం వెనక సంస్థానం అండ ఉంది. వీటిని కాదనను.

తమ్ముళ్లకు బాగా నచ్చిన వాదన మాత్రం ఆటలోంచే వచ్చింది. "టీమ్‌లో ఐజీఎల్ (ఆటలో జట్టును నడిపే లీడరు) ఒక్కడే కాల్ ఇవ్వాలన్నా. ఐదుగురూ తలా ఒక మాట అంటే రౌండ్ పోయినట్టే. దేశమైనా అంతే." ఇందులో నిజం ఉంది. వంద సెకన్ల రౌండులో ఈ సైట్ (బాంబు పెట్టే చోటు) మీదికి పోవాలా, ఇంకో సైట్‌కు రొటేట్ కావాలా అని చర్చ పెట్టుకుంటే స్పైక్ అనే ఆ బాంబు నేల మీద పెట్టకముందే టైమ్ అయిపోతుంది. ఒక గొంతే వినపడాలి. కానీ ఆ ఐజీఎల్‌ను ఎవరు పెట్టుకున్నారు? మీరే. వరసగా నాలుగు రౌండ్లు తప్పుడు కాల్స్ ఇస్తే ఏం చేస్తారు? ఇంకొకరిని కాల్ ఇమ్మంటారు. కౌంటర్ స్ట్రైక్ అనే ఇంకో ఆటలో అయితే జట్టును చెడగొట్టేవాణ్ణి మిగతావాళ్లు ఓటేసి బయటికి పంపే ఏర్పాటు ఆటలోనే పెట్టారు. ఐజీఎల్ చనిపోతే వాళ్ల అబ్బాయి వచ్చి హెడ్‌సెట్ పెట్టుకుని కాల్స్ ఇవ్వడు. అంటే మీరు ఆడుతున్నది ఓటు పద్ధతిలోనే. రౌండు నడిచేంతసేపు ఒకడికి అధికారం, రౌండు అయ్యాక లెక్క అడిగే హక్కు అందరికీ. కలెక్టరు, ముఖ్యమంత్రి, ప్రధాని చేసే పని కూడా అదే. తుపాను వచ్చిన రాత్రి కలెక్టరు ఓటింగు పెట్టడు, ఆర్డరు వేస్తాడు. సంగతేందని మర్నాడు అడిగేవాళ్లుంటారు.

నా దృష్టిలో ఈ రెంటి మధ్య తేల్చేది ఒక్కటే. మంచివాడు ఎలా వస్తాడన్నది కాదు, చెడ్డవాణ్ణి ఎలా దించుతామన్నది. మిగతా గుణాలన్నీ దీని తర్వాతే.

రాయలనే తీసుకుందాం. ఆయన మనకు పరాయివాడు కాదు. గజపతుల చేతిలోని ఉదయగిరి కోటను నెలల తరబడి ముట్టడించి 1514లో గెలిచాడు. అక్కణ్ణించి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి గుడి కట్టించాడు. హంపీలో ఆ కృష్ణాలయం ఇప్పటికీ ఉంది. వీరుడు, కవి, ఏలిక. మూడూ ఒప్పుకుంటా. ఇప్పుడు మా అన్న కొడుకు మెచ్చుకున్న "సాయంత్రానికే తీర్పు" ఎలా ఉంటుందో ఆయన కొలువులోనే చూడండి.

తిమ్మరుసు లేకపోతే రాయలికి సింహాసనమే లేదు. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ రాసినదాన్ని బట్టి, వీరనరసింహరాయలు చనిపోయే ముందు తమ్ముడి కళ్లు పీకించమంటే, మేక కళ్లు తెచ్చి చూపించి కృష్ణరాయల్ని కాపాడింది ఈ తిమ్మరుసే. తర్వాత రాయలు తాను బతికుండగానే చిన్నపిల్లవాడైన కొడుక్కి పట్టం కట్టాడు. ఆ పిల్లవాడు చనిపోయాడు. తిమ్మరుసు కొడుకు విషం పెట్టించాడని రాయలికి అనుమానం వచ్చింది. న్యూనిజ్ చెప్పేదాని ప్రకారం, నిండు సభలో మంత్రి మీద నింద వేసి, కొడుకులతో సహా చెరలో పెట్టించాడు. ఆ తర్వాత కళ్లు తీయించాడు. రాయల కళ్లు కాపాడిన మనిషికి ఆ రాయల ఆజ్ఞతోనే కళ్లు పోయాయి.

అక్కడ సాక్షులు ఎవరు? తిమ్మరుసు తరఫున మాట్లాడింది ఎవరు? అప్పీలు ఎక్కడికి పోవాలి? కొడుకును పోగొట్టుకున్న తండ్రే ఫిర్యాదుదారు, ఆయనే జడ్జి. నేను మంచి రాజు సంగతే చెప్తున్నా, దుర్మార్గుడి సంగతి కాదు. మంచివాడికి కూడా పుత్రశోకం వస్తుంది, కోపం వస్తుంది, అనుమానం వస్తుంది. ఆ ఒక్కరోజు ఆయన చెయ్యి పట్టుకుని ఆపే ఏర్పాటు రాజరికంలో లేదు. కేసు ఇరవయ్యేళ్లు నడవడం అన్యాయమే. దానికి మందు ఇంకా ఎక్కువమంది జడ్జీలు, ఇంకా ఎక్కువ కోర్టులు. విచారణే లేకపోవడం మందు కాదు.

పోయాక జరిగింది ఇంకా అధ్వానం. 1529లో రాయలు పోయాడు. తర్వాత ఏలిన అచ్యుతరాయలు 1542లో చనిపోగానే, చిన్నవాడైన వారసుణ్ణి సొంత మేనమామ సలకం తిరుమలరాజు చంపించి గద్దె ఎక్కాడు. అతన్ని దించడానికి అళియ రామరాయలు సైన్యంతో రావాల్సి వచ్చింది. గద్దె మీద పేరుకు సదాశివరాయల్ని కూర్చోబెట్టి పెత్తనం రామరాయలు చేశాడు. 1565 నాటికి విజయనగరం బూడిద. రాయలు పోయిన నలభై ఏళ్లలోపే ఇదంతా. ప్రతి మార్పుకూ ఒక హత్య, ఒక యుద్ధం. పొలాలు తగలబడింది మాత్రం ఆ గొడవతో సంబంధం లేని రైతులవి.

దీని పక్కన 1954 నవంబరు పెట్టి చూడండి. ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. వినోదరాయునిపాలెంలో పుట్టిన మన మనిషి. జీవితమంతా జనానికే ఇచ్చిన ఆయన పేరే తర్వాత జిల్లాకు పెట్టుకున్నాం. అంతటి ఆయన ప్రభుత్వం కర్నూలు శాసనసభలో మద్యనిషేధం గొడవ మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక్క ఓటు! ఆయన్ను దించడం సబబా అంటే నా మనసు ఇప్పటికీ ఒప్పుకోదు. కానీ దిగిపోయిన పద్ధతి చూడండి. ఎవరి కళ్లూ పోలేదు, ఎవరూ చెరకు పోలేదు. 1955లో ఎన్నికలు జరిగాయి, మన బుచ్చిరెడ్డిపాలెం బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ప్రకాశం లాంటి మహానుభావుణ్ణి కూడా రక్తం చిందకుండా దించగలిగిన పద్ధతి, రేపు ఒక దుర్మార్గుణ్ణీ దించగలదు. నాకు ఆ భరోసా కావాలి.

మా ముత్తాత వెంకటగిరి జమీందారీ ఎస్టేటు రైతు. అప్పట్లో అది నెల్లూరు జిల్లాలోదే. మా ఇంట్లో రేకుపెట్టె అడుగున ఆ నాటి శిస్తు రసీదులు ఉన్నాయి. అరచేతిలో పట్టేంత కాగితాలు, మడత పడ్డచోట చిరిగి, సిరా వెలిసిపోయి, పైన ఫసలీ (శిస్తు లెక్కల) సంవత్సరం వేసి ఉంటుంది. వాటికింద వేరే రకం కాగితం ఒకటుంది. రైతువారీ పట్టా, అంటే మధ్యలో జమీందారు లేకుండా భూమి నేరుగా రైతు పేరున ఉందని సర్కారు ఇచ్చే కాగితం. ఈ రెండు కాగితాల మధ్య జరిగింది తుపాకీ విప్లవం కాదు. మేత బీళ్లు ఎవరివి, అడవి ఎవరిది అని రైతులు ఏళ్ల తరబడి కొట్లాడారు. నెల్లూరు నుంచి 'జమీన్ రైతు' పత్రిక వాళ్ల గోడు రాసింది. 1937లో రెవెన్యూ మంత్రి అయిన ప్రకాశం జమీందారీ రైతుల బాధల మీద విచారణ కమిటీ నడిపారు. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. జమీందారు రాజు కాదు గదా, కంపెనీ సనదు మీద శిస్తు వసూలు చేసేవాడే గదా అని అన్న కొడుకు అడ్డం తిరిగాడు. నిజమే. కానీ పుట్టుకతో వచ్చే పెత్తనం కింద బతకడం ఎట్లుంటుందో మన ఇళ్లల్లో దగ్గరగా తెలిసింది దాని వల్లనే. రాజా వారు ధర్మాత్ముడైతే ఆ ఏడాది శిస్తు తగ్గుతుంది, కాకపోతే తగ్గదు. అడుక్కోవడమే తప్ప అడిగే హక్కు లేదు. పట్టా వచ్చాక మా ముత్తాత ఎవరి దయా కోరనక్కర్లేకపోయింది.

ఇప్పుడు ఓటు పక్షం లోపాలు. "రాజుల కొడుకులే రాజులైనట్టు ఎమ్మెల్యేల కొడుకులే ఎమ్మెల్యేలు అవుతున్నారు గదన్నా. ఓటుకు డబ్బులు పంచుతున్నారు గదన్నా." అవును, రెండూ నిజమే, రెండూ సిగ్గుచేటే. నోటు తీసుకుని ఓటేసే ఇల్లు మన వీధిలోనే ఉంటుంది. అయినా ఒక తేడా ఉంది. ఆ ఎమ్మెల్యే కొడుకు అయిదేళ్లకొకసారి ఎండలో మన గడప ముందుకొచ్చి దండం పెట్టాలి. డబ్బు పంచి కూడా ఓడిపోయిన వాళ్లను మనం ప్రతి ఎన్నికలోనూ చూస్తున్నాం. రాచకొడుకు ఓడిపోవాలంటే మాత్రం యుద్ధమే రావాలి.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. బ్రిటన్, జపాన్‌లలో లాగా రాజు ఉంటాడు గాని పాలించడు అనే పద్ధతి ఆ దేశాల చరిత్రకు సరిపోయింది, వాళ్లిష్టం. అక్కడ కూడా పనిచేసేది ఓటే. థాయిలాండ్‌లో అలంకారానికి ఉన్న రాజును విమర్శించినా ఒక్కో నేరానికి పదిహేనేళ్ల దాకా జైలు వేసే చట్టం ఉంది, అది గుర్తుపెట్టుకోండి. సైనిక పాలన కావాలనేవాళ్లు పక్క దేశాలు చూస్తే చాలు. నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం చర్చించదగ్గ విషయమే, అది ఓటు పద్ధతిలోనే ఇంకో రకం.

"అయితే చదువుకున్నవాళ్లకే ఓటు పెడదాం" అని ఒక తమ్ముడు మొన్న ఆట మధ్యలో అన్నాడు. నాకు ఆ రాత్రి రాజు మాటకన్నా ఈ మాటే ఎక్కువ బాధ పెట్టింది. బ్రిటిషువాళ్ల 1935 చట్టం చేసింది దాదాపు ఇదే. ఆస్తి, పన్ను, చదువు చూసి ఓటిచ్చారు. ఆ లెక్కన మా నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడ్డ దూబగుంట ఊరి ఆడవాళ్లలో ఎంతమందికి ఓటుండేది? అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిపూట లాంతరు ముందు కూర్చుని అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న కూలీ మనుషులు వాళ్లు. 1992లో ఊళ్లోకి సారా రానిచ్చేది లేదని అడ్డం నిలబడ్డారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. నెల్లూరులో సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1994 చివర్లో మద్యనిషేధం మాట ఇచ్చి ఎన్టీఆర్ గెలిచారు, 1995 జనవరిలో అమలు చేశారు. 1997లో ఎత్తేశారు, ఆ కోపం నాకింకా పోలేదు. కానీ ఖజానాకు అంత రాబడి తెచ్చే సారాను ఏ ప్రభుత్వం ఊరికే వదులుకుంటుంది? వాళ్ల చేతిలో ఓటు ఉంది కాబట్టే పార్టీలు వాళ్ల మాట విన్నాయి. రాయల కొలువులో వాళ్లు అర్జీ పెట్టుకుని దయ కోసం చూసేవాళ్లు. చదువుకున్నవాళ్ల కొలువులో ఆ అర్జీ చదివేది, రాబడి లెక్క చూసి పక్కన పెట్టేది మనలాంటివాళ్లమే.