మానవ హక్కుల వ్యాసాల్లో దేనికి పెద్దపీట?

మానవ హక్కుల మీద తెలుగులో ఆకర గ్రంథం (విజ్ఞాన సర్వస్వం) కూర్చేవారు అకారాది క్రమాన్నే నమ్ముకుంటే పని నడవదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు అంతటివాడు పూనుకున్న ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమే 1923లో ఆయన కన్నుమూసేనాటికి అకారం దాటలేకపోయింది. ఏ అంశం ముందు, ఏది తరువాత అన్నది మొదటే తేల్చుకోవాలి. అందుకు వ్యాప్తి ఒక కొలత, పాఠకుడి అవసరం మరొక కొలత.

వ్యాప్తిని బట్టి చూస్తే 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 30 అధికరణాల విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనకు, 1966 నాటి రెండు ఒడంబడికలకు (ఒకటి పౌర, రాజకీయ హక్కులది, రెండోది ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులది) మొదటి వరుస దక్కుతుంది. దీనికెవరూ అభ్యంతరం చెప్పరు. పేచీ వచ్చేది ఆ తరువాతే.

1996 డిసెంబరు 29న రామచంద్రపురం ప్రాంతంలోని వెంకటాయపాలెంలో ఐదుగురు దళితులను హింసించి, వారిలో ఇద్దరికి శిరోముండనం చేసి కనుబొమ్మలు కూడా గీయించారు. విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం దోషులకు 18 నెలల జైలుశిక్ష విధించింది 2024 ఏప్రిల్‌లో. వ్యాప్తి లెక్కన ఇది ఒక ఊరి సంఘటన, చివరి వరుసకు పోతుంది. కానీ 1989 నాటి షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల (దౌర్జన్యాల) నిరోధక చట్టం కాగితం మీద ఎలా ఉందో, కోర్టులో ఎన్నేళ్లు నలుగుతుందో కోనసీమ విద్యార్థికి ఇంతకన్నా బాగా చెప్పే వ్యాసం మరొకటి ఉండదు.

అలాగని అవసరం ఒక్కటే కొలత చేసుకుంటే, వార్తల్లో నలిగినదల్లా పైకొచ్చి, పునాది కిందికి జారుతుంది. అందుకే నేను మూడో ప్రశ్న వేస్తాను: ఈ వ్యాసం లేకపోతే ఇంకెన్ని వ్యాసాలు అర్థం కాకుండా పోతాయి? వలస కార్మికుడి వీసాను, ఉద్యోగాన్ని యజమాని పూచీకి కట్టిపడేసే గల్ఫ్ దేశాల కఫాలా పద్ధతినే తీసుకోండి. ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద ఇంటిపనికి వెళ్లిన గోదావరి జిల్లాల స్త్రీ పాస్‌పోర్టును యజమాని తన బీరువాలో పెట్టుకుంటే, స్వదేశానికి తిరిగివచ్చే హక్కును చెప్పే విశ్వజనీన ప్రకటన 13వ అధికరణం అక్కడ ఆగిపోతుంది. వలస, వెట్టి, జీతం ఎగవేత, ఏ వ్యాసం రాసినా కఫాలాను తాకక తప్పదు. కాబట్టి దానికీ అంటరానితనానికీ మొదటి వరుసే ఇస్తాను. పురస్కారాలు, దినోత్సవాలు ఆఖరున ఉన్నా నష్టం లేదు.

వెంకటాయపాలెం రెండో వరుసలో ఉండాలి; నిడివిలో మాత్రం దానికి కోత పెట్టకూడదు. ప్రకటన గురించి ప్రపంచమంతా రాస్తుంది, ఆ ఊరి గురించి మనం రాయకపోతే రాసేవారు అరుదు.