ట్యాంక్ ఖాళీ చేయాలా, నింపి ఉంచాలా?

గడ్డి కోసే పెట్రోల్ మిషన్‌ను రెండు మూడు నెలలు పక్కన పెట్టేటప్పుడు రెండు దారులున్నాయి: పెట్రోల్ మొత్తం తీసేయడం, లేదా స్టెబిలైజర్ (పెట్రోల్ త్వరగా పాడవకుండా కాపాడే ద్రవం) కలిపి ట్యాంక్ నిండుగా ఉంచడం. ఏమీ చేయకుండా వదిలేస్తే మాత్రం నెల రోజులకే పెట్రోల్ పాడవడం మొదలవుతుంది. ఒకసారి అలా వదిలేసి, తర్వాత కార్బ్యురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) విప్పి చూశాను. దాని గిన్నె అడుగున తేనె రంగు జిగురు. పెట్రోల్ వెళ్లే సూది మొనంత రంధ్రం (జెట్) పూర్తిగా మూసుకుపోయింది.

స్టెబిలైజర్ పని తేలిక. తాజా పెట్రోల్‌లో డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలిపి, ఆరుబయట 5-10 నిమిషాలు ఇంజిన్ నడపాలి. లేకపోతే కార్బ్యురేటర్‌లో పాత పెట్రోలే మిగిలిపోతుంది. ట్యాంక్ నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ, తేమ కూడా తక్కువే. కానీ నిండు ట్యాంక్ అంటే ఆవిరి, దాంతో మంటల భయం. హీటరో గ్యాస్ పొయ్యో ఉన్న గదిలో అసలు పెట్టొద్దు.

ఖాళీ చేయడం కాస్త శ్రమే. ఇంజిన్ చల్లారాక స్పార్క్ ప్లగ్ వైరు పీకేసి, పెట్రోల్‌ను క్యాన్‌లోకి తీయాలి. తర్వాత వైరు తగిలించి, దానంతటదే ఆగిపోయేదాకా ఆరుబయట నడపాలి. అయినా నా ఓటు దీనికే. ట్యాంక్ ఖాళీ అయినప్పుడే బ్లేడు కూడా చూసుకోవచ్చు. మళ్లీ వైరు పీకి, ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా మిషన్‌ను వంచండి. ఫిల్టర్ కిందికి వస్తే ఇంజిన్ ఆయిల్ దాంట్లోకి దిగుతుంది. వైరు ఉండగా బ్లేడును చేత్తో తిప్పితే ఇంజిన్ స్టార్ట్ అవ్వచ్చు, వేళ్లు పోతాయి.